ఆఖరి పడవ, సగం సినిమా

మా అమ్మ ‘మూగ మనసులు’ చూసింది. ఈ సంగతి మా ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు. పదిహేనేళ్ళప్పుడు మేనత్త వెంట పాశర్లపూడి వైపు నుంచి వైనతేయ పాయ మీద పంటెక్కి, బోడసకుర్రు రేవులో దిగి, అక్కణ్ణుంచి అమలాపురం వెళ్ళి మరీ చూసింది. సావిత్రి చీరల గురించి, జమున గడుసుతనం గురించి, నాగేశ్వరరావు గెడ వేసే తీరు గురించి ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. చిన్నప్పుడు వేసవి రాత్రుళ్ళు వాకిట్లో మడత మంచాలేసుకుని పడుకుంటే మాకు కథంతా చెప్పేది. ఆవిడ కథలో గోపీ, రాధా పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోతారు. కథ కంచికి, మనం నిద్రకి.

సినిమా చూసినవాళ్ళకి ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. ఆ పడవ అవతలి ఒడ్డుకి చేరదు.

అసలు విషయం మొన్న సంక్రాంతికి బయటపడింది. ఆరోజు వెళ్ళేటప్పుడు పంటు ఆలస్యమైందట. హాల్లో అడుగుపెట్టేసరికే కథ నడిచిపోతోంది. వచ్చేటప్పుడేమో ఆఖరి పంటు దాటిపోతుందని మేనత్త చెయ్యి పట్టుకుని లేవదీసేసింది. మొదలూ లేదు, చివరా లేదు. గోదారి మీద పడవ నడిపేవాడి సినిమాని గోదారి మీద పడవే అటూ ఇటూ కోసేసింది.

“తరవాత టీవీలో ఎన్నిసార్లు రాలేదమ్మా?” అన్నాను.

“వచ్చింది. పాట వినపడితే వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. మీ నాన్నగారు మంచినీళ్ళనేవారు, మీరు ఆకలనేవారు.”

“మరి వాళ్ళు చచ్చిపోతారని ఎవరూ చెప్పలేదా?”

“చెప్పారు. నేను నమ్మలేదు.”

డెబ్బై ఆరేళ్ళావిడ అరవయ్యేళ్ళపాటు ఒక సినిమా చివర్ని నమ్మకుండా బతకగలిగిందంటే, పాత సినిమాలు మనలోకి ఎలా వచ్చి చేరాయో కొంచెం వెనక్కెళ్ళి చూడాలనిపించింది.

పోకిరి కంటే పాతది

ఈ గొడవంతటికీ మొదలు మా అక్క కూతురు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పండక్కొచ్చి, “పాత సినిమా ఏదైనా పెట్టు మావయ్యా” అంది. ఏది పెట్టమంటావే అంటే “పోకిరి” అంది. అది 2006లో వచ్చిన సినిమా. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి ఫోర్‌కేలో మళ్ళీ వేస్తే హాల్లో కాగితాలు చింపి ఎగరేసి వచ్చింది. దాని లెక్కలో పాత అంటే అంతే. నలుపు తెలుపు సినిమా ఒక్కటి కూడా మొదట్నుంచి చివరిదాకా చూళ్ళేదని ఏమాత్రం సిగ్గుపడకుండా చెప్పింది. సిగ్గెందుకులెండి, మనలో ఎంతమంది పూర్తిగా చూశాం?

పండగ నాలుగు రాత్రులూ నాలుగు సినిమాలని ఒప్పందం. ఫోను పట్టుకోకూడదు, ముందుకి జరపకూడదు, మధ్యలో లేవకూడదు. ఈ ఆఖరి షరతు మా అమ్మ కోసం. సినిమా చూస్తూ లేవకుండా కూర్చున్న ఆడవాళ్ళని మా ఇంట్లో నేనింతవరకు చూళ్ళేదు.

భోగినాడు ‘సాక్షి’. “మీ హీరో వాళ్ళ నాన్న సినిమా” అని పెట్టాను. కృష్ణ అప్పటికి కొత్త. 1965లో ఆదుర్తి సుబ్బారావు ‘తేనె మనసులు’తో ఆయన్ని హీరోని చేస్తే, రెండేళ్ళకి బాపు తన తొలి సినిమాకి తీసుకున్నారు. మద్రాసు స్టూడియోల్లో తాటాకులు కప్పి పల్లెటూళ్ళు కట్టే రోజులవి. బాపు, ముళ్ళపూడి వెంకటరమణ కెమెరా పట్టుకుని ఆత్రేయపురం పక్కన పులిదిండి వచ్చేశారు. రమణ పుట్టింది గోదారి పాయలుగా చీలే ధవళేశ్వరంలో. బాపు పుట్టింది పాయ సముద్రంలో కలవబోయే నరసాపురంలో. ఒకరిది తల, ఒకరిది తోక. ఆ రెంటికీ మధ్య ఒత్తిగిలి పడుకున్నది మన కోనసీమ. వాళ్ళు ఇక్కడికి కాక ఇంకెక్కడికి వెళ్తారు!

కథ సన్నని దారంలాంటిది. రేవు దాటించే ఒక అమాయకుడు హత్య చూస్తాడు, కోర్టులో ఉన్నదున్నట్టు చెప్తాడు. జైలుకెళ్ళినవాడు పగబట్టి తిరిగొస్తున్నాడంటే, సాక్ష్యం చెప్పమని భుజం తట్టిన ఊరే తలుపులు వేసేసుకుంటుంది. విజయనిర్మల ఒక్కతే వాడి పక్కన నిలబడుతుంది, గుళ్ళో పెళ్ళి చేసుకుంటుంది. ఆ ఇద్దరూ తరవాత నిజంగానే పెళ్ళాడారు కాబట్టి ఆ ఘట్టం గురించి మా వైపు చెప్పుకునే కబుర్లకి అంతు లేదు.

చిత్రమేమిటంటే ఆ రాత్రి మేం కథ చూళ్ళేదు. కృష్ణ భుజం మీదుగా వెనకున్నదాన్ని చూశాం. కోనసీమవాళ్ళకి ఇక్కడ తీసిన సినిమా చూడటం రాదేమో. హీరో ఏడుస్తుంటే మనం గట్టు చూస్తాం. “ఇది లొల్ల లాకుల దగ్గరా మావయ్యా?” అని పిల్ల, “ఆ దారి రోడ్డు వెయ్యకముందుది” అని అమ్మ. ఆ సినిమాలో కొబ్బరిచెట్లని మా అమ్మ నటుల్ని చూసినట్టు చూసింది.

నాకు కారణం కాసేపటికి గాని తట్టలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు మా తోటలో తెల్లారేసరికి నిలబడున్న చెట్లని వేళ్ళ మీద లెక్కపెట్టాం. కోనసీమ మీద ఎన్ని కొబ్బరిచెట్లు కూలాయో! ఇప్పుడు మనం చూసే తోటల్లో చాలా భాగం ఆ తరవాత వేసినవే. మా మేనకోడలు తుపాను తరవాత పుట్టిన పిల్ల. దానికి తెలిసిన చెట్లు అంత ఎత్తు లేవు. 1967లో బాపు బొమ్మ కుదరడం కోసం వెనక నిలబెట్టుకున్న చెట్లు ఇవాళ ఇంకో కథకి సాక్ష్యం చెప్తున్నాయి. పేరు ఊరికే పెట్టలేదు.

పులిదిండి వెళ్ళి చూడాల్సిందేనని పిల్ల పట్టుబట్టి ముక్కనుమ పొద్దున్న నన్ను బండెక్కించింది. సినిమాలో ఫ్రేముని ఫోన్లో ఆపి, కాలవ గట్టు మీద చెయ్యి చాచి పట్టుకుని అటూ ఇటూ తిరిగింది. ఒక్కటీ కలవలేదు. సిమెంటు రోడ్డు, డాబాలు, కరెంటు తీగలు. వచ్చిన దారికి ఖర్చు గిట్టాలి కదా అని ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని వచ్చేశాం.

ఎవరూ చెప్పనిది

సంక్రాంతి రాత్రి ‘మాయాబజార్’. ఇక్కడ పేచీ వచ్చింది. పిల్ల రంగులది పెట్టమంది. 1957 నాటి సినిమాకి గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసింది. తాతల చెయ్యి పట్టుకుని మనవలు హాళ్ళకి వెళ్ళారు. నాకు ఆ రంగుల మీద కోపం లేదు. ఎవరో ఒకరు వెళ్ళి చూశారు కదా. కాకపోతే మార్కస్ బార్‌ట్‌లే ఆ వెన్నెలని నలుపూ తెలుపూ మధ్య ఉన్న బూడిద ఛాయల్లో దాచాడు. దానికి నీలం పూస్తే వెన్నెల అని చెప్పినట్టుంటుంది, వెన్నెల ఉన్నట్టుండదు. తీర్పు మా అమ్మే చెప్పింది. “రంగులు మేమే వేసుకునేవాళ్ళమే. నీకూ వస్తుంది చూడు.”

మా మేనకోడలికి ఆ సినిమా చూడకముందే సగం తెలుసు. ఘటోత్కచుడి భోజనాల పాట పెళ్ళి వీడియోల్లో విన్నది. ‘అహ నా పెళ్ళంట’ అంటే జంధ్యాల సినిమా అనుకుంటోంది, ఆయన ఆ పేరు ఈ సినిమా పాటలోంచే తీసుకున్నాడని తెలీదు. ఎస్వీ రంగారావు ముఖం ఫోన్లో స్టిక్కరుగా వాడుతుంది. అరనిమిషం ముక్కలుగా ఆ సినిమా దాని జేబులో ఏనాడో చేరింది.

అక్కడే నాకు ఈ మొత్తం వ్యవహారం అర్థమైనట్టనిపించింది. తెలుగింట్లో పాత సినిమాని ఎవరూ మొదటిసారి చూడరు. పాటగా వింటాం, సామెతలా వాడతాం, అమ్మమ్మల నోట కథగా తింటాం, ఇరవై ఏళ్ళు విన్న తరవాత ఒకనాడు కంటితో సరిచూసుకుంటాం. అందుకని మనల్ని ఆశ్చర్యపరిచేది అందులో గొప్పదని అందరూ చెప్పింది కాదు. ఎవరూ చెప్పకుండా వదిలేసింది. అందరూ చెప్పిన భోజనాల పాట దగ్గర పిల్ల మామూలుగా నవ్వి ఊరుకుంది. ఇంకొంతసేపటికి ఒక్కసారి లేచి కూర్చుని, “మావయ్యా, ఇందులో పాండవులేరీ?” అంది.

లేరు. భారతం కథ, అభిమన్యుడి పెళ్ళి, కృష్ణుడూ బలరాముడూ దుర్యోధనుడూ శకునీ అందరూ తయారు. పాండవులు మాత్రం తెర మీదకి రారు. మూడు గంటల సినిమా నడుస్తున్నంతసేపూ వాళ్ళు లేరన్న సంగతి కె.వి. రెడ్డి మనకి తట్టనివ్వడు. నేను పదిసార్లు చూసినవాణ్ణి, నాకు ఎవరో చెప్తేగాని తెలీలేదు. మా అమ్మ అయితే ఒప్పుకోలేదు, “ఎందుకు లేరు, ధర్మరాజు ఉండాలి” అని వెతుకుతూనే ఉంది. విన్న కథ కన్ను మీద అంత బలంగా కూర్చుంటుంది.

డేరా టాకీసుల రోజుల్లో ఈ వినికిడి ఇంకా ఎక్కువ. ఒక్క ప్రొజెక్టరే ఉన్న చోట రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఆ సందులో పక్కవాడికి జరిగింది చెప్పడం, జరగబోయేది ఊహించడం, నిన్న చూసినవాడు మొత్తం బయటపెట్టేసి తిట్లు తినడం. నేల మీదవాళ్ళు తెరకి మరీ దగ్గర, కుర్చీ వాళ్ళు దూరం. ఊళ్ళో ఎవరు ఎక్కడ కూర్చోవాలో హాల్లోనూ దాదాపు అలాగే కూర్చునేవారు, టిక్కెట్టు ధర ఆ మాట పైకి అనకుండా అనేది. బయటికొచ్చాక తెర మీద చూసిన సినిమాకీ రచ్చబండ మీద చెప్పిన సినిమాకీ పోలిక ఉంటే అదే గొప్ప.

కనుమనాడు ‘మిస్సమ్మ’ పెట్టాం గాని ఇంట్లో సగంమంది నిద్రపోయారు. పగలంతా జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద ఊగుతూ వస్తుంటే ఆ దుమ్ములో నిలబడి వచ్చినవాళ్ళకి ఎల్వీ ప్రసాద్ ఏం చేయగలడు? మేలుకుని ఉన్నది నేనూ, పిల్లా. ఉద్యోగం కావాలంటే మొగుడూ పెళ్ళాలై ఉండాలన్న ప్రకటన చూసి, ఏమీకాని ఇద్దరు దంపతులుగా నటిస్తారు. పిల్ల పడీపడీ నవ్వింది. హైదరాబాదులో ఫ్యామిలీకే ఇల్లిస్తామనే వాళ్ళ గుమ్మాలన్నీ ఎక్కి దిగింది మరి. 1955 నాటి సినిమా అని చెప్పినా నమ్మేలా లేదు.

అందులో దేవయ్య వేషం వేసిన రేలంగి మనవాడే. రావులపాలెం పక్కన రావులపాడులో పుట్టాడు. ఈ మాట చెప్పకుండా కోనసీమవాడు మిస్సమ్మ చూడలేడు, నేనూ చెప్పాను. పిల్ల ఆవలించింది.

పాతవన్నీ బంగారమని నేననను. ఆ తరవాత పిల్ల విడిగా ఇంకో రెండు మూడు చూసింది. ఒకదాన్లో మొగుడు చెంపదెబ్బ కొడితే పెళ్ళాం బుద్ధి తెచ్చుకుని కాళ్ళ మీద పడింది. అక్కడ ఆపేసి బయటికెళ్ళిపోయింది. వెనక్కి పిలవాలనిపించలేదు. కొన్నిట్లో పద్యాలు ఓపికని పరీక్షిస్తాయి, కొన్నిట్లో హాస్యగాళ్ళ జంట కథని ఆపేసి కూర్చుంటుంది. మరి కొన్నిట్లో అసలు బొమ్మే కనపడదు. మేం చూసిన కాపీల్లో ఒకచోట పాట నడిమిలో తెగిపోయింది, ఒకచోట ముఖాలు తెల్లగా అలుక్కుపోయి కళ్ళు మాత్రం మిగిలాయి. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ నెగటివు 1993లో లండన్‌లో మంటల్లో కాలితే, ఆ కాలిన ముక్కల్నే ఇటలీలో బొలోన్యా ల్యాబువాళ్ళు ఒక్కొక్క ఫ్రేమూ తుడిచి, అతికి, 2015కి మళ్ళీ తెర మీద నిలబెట్టారు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. దానికి అతకడానికి ముక్కయినా లేదు. ఆ సినిమాని మొదటిసారి చూసేవాళ్ళు ఇక ఎప్పటికీ ఉండరు.

ముక్కనుమ రాత్రి

ఆ రోజు అమ్మ వంట ఏడింటికే ముగించింది. ఉతికిన చీర కట్టుకుంది. ఎక్కడికి వెళ్తున్నావమ్మా అని ఏడిపించబోయి ఊరుకున్నాను.

‘మూగ మనసులు’ 1964 జనవరి ఆఖర్న వచ్చింది. తీసింది ఆదుర్తి, రాతలో రమణ చెయ్యి ఉంది, సంగీతం మహదేవన్‌ది. ఇదే కథని ఆదుర్తి 1967లో హిందీలో సునీల్‌దత్, నూతన్‌లతో ‘మిలన్’గా తీశాడు. తమిళంలో ‘ప్రాప్తం’గా తీసింది స్వయంగా సావిత్రి, 1971లో. ఆ ఒక్క కథని ఆవిడ వదల్లేకపోయిందంటే ఏదో ఉండి ఉండాలి.

మొదటి పది నిమిషాల్లోనే మా అమ్మకి దెబ్బ తగిలింది. కొత్తగా పెళ్ళయిన జంట పడవలో వెళ్తుంటే సుడిగుండం. పెళ్ళికొడుక్కి ఏదో గుర్తుకొస్తుంది. ఒడ్డున సమాధులు. వాటి దగ్గర ఒక ముసలావిడ.

“జమునేంటి, ముసలిదైపోయింది?” అంది అమ్మ.

ఎవరం మాట్లాడలేదు. ముసలి గౌరి గతజన్మ కథ మొదలుపెట్టింది. చివర్లో తెలియాల్సింది ఆదుర్తి మొదట్లోనే చెప్పేశాడు. అరవయ్యేళ్ళ కిందట ఆ పంటు వేళకి వచ్చి ఉంటే మా అమ్మకి ఆ రోజే తెలిసిపోయేది.

నడిమి భాగం వచ్చేసరికి తేరుకుంది. అది ఆవిడ ఇలాకా. మాట తెర మీద పడకముందే ఆవిడ నోట్లోంచి వచ్చేస్తోంది. ఇక్కడ మా మేనకోడలు ఒక ప్రశ్న వేసింది. “అంత ప్రేమున్నవాడు ఆ పిల్లని ‘అమ్మాయిగారు’ అంటాడేంటి, పేరు పెట్టి పిలవచ్చుగా?”

నేను ఏదో ఉపన్యాసం ఎత్తుకోబోయాను. అమ్మ అడ్డొచ్చింది. “పిలిస్తే సినిమా ఎందుకే?” అంది.

అంతకంటే బాగా నేను చెప్పలేను. గోదారి జిల్లాల్లో ‘గారు’ అనే మాట మర్యాదా అవుతుంది, గోడా అవుతుంది. ఆయ్ అంటూ, గోరు అంటూ తేనె పూసి మాట్లాడతామని మనకి పేరు. ఆ తేనె కిందే ఎవరు ఎవరి గుమ్మం దాకా రావచ్చో కూడా రాసి ఉంటుంది. గోపి రోజూ రాధని పడవలో రేవు దాటిస్తాడు. నీటి మీద ఇద్దరి మధ్య ఉన్నది నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ దాటడానికి వాడి దగ్గర పడవ లేదు. ‘అమ్మాయిగారు’ అన్న ప్రతిసారీ గెడ ఒకసారి వెనక్కి వేసినట్టే. ఈ మాట నాకు అమ్మ మాటతో తట్టింది. అంతకు ముందు నేనూ దాన్ని వినయమే అనుకున్నాను.

రాధ విధవై తిరిగొచ్చింది. ఊరు గుసగుసలాడింది. ఇద్దరూ పడవెక్కారు. చీకటి, నీళ్ళు. మా అమ్మ కుర్చీలోంచి లేచింది.

పొయ్యి మీద ఏమీ లేదు. ఎవరూ మంచినీళ్ళడగలేదు. ఎందుకు లేచిందో ఆవిడకీ తెలీలేదనుకుంటాను, కొంగు సర్దుకుంటూ గుమ్మం వైపు చూసింది. మేనత్త చెయ్యి పట్టుకు లేవదీసింది సరిగ్గా ఇక్కడేనేమో.

పిల్ల తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

“కూర్చో అమ్మమ్మా. ఇప్పుడు బోడసకుర్రులో వంతెన ఉంది.”

కూర్చుంది. చివరిదాకా చూసింది. సినిమా అయ్యాక టీవీ ఆపి, లైటు వేసి, నేను ఆవిడ ముఖంలోకి చూడకుండా వైర్లు సర్దుతున్నాను.

“ఆ రోజు ఇంటికొచ్చాక మా అత్తతో నెల్లాళ్ళు మాట్లాడలేదురా” అంది అమ్మ వెనకనించి. “పాపం, సరిగ్గా లేవాల్సిన చోటే లేవదీసింది.”